చిట్టీ రాసిందెవరు? సర్వర్ నమ్మకాన్ని వాడుకున్న దాడుల చరిత్ర

పోస్టు పొడుగున్నది, తీరిక చూసుకొని చదవండి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మన పిల్లలు ఈ మధ్య సొంతంగా సైట్లు పెడుతున్నరు. ఒకరు పోటీ పరీక్షల నోట్స్ కోసం మూడల్ పెట్టుకుంటే, ఇంకొకరు తండా యువజన సంఘానికి వర్డ్‌ప్రెస్, మరొకరు సర్టిఫికెట్ల స్కాన్‌లు దాచుకునేటందుకు నెక్స్ట్‌క్లౌడ్. నెలకు కొన్ని వందలు కడితే అద్దె సర్వర్ దొరుకుతది. పాత డెస్క్‌టాప్ ఉన్నా నడుస్తది. చూస్తే మాకు సంతోషమే. కానీ సొంత సర్వర్ అంటే కావలి గూడ సొంతంగానే కాయాలె. అందుకే ఒక దాడి గురించి, దాని పుట్టుపూర్వోత్తరాల గురించి రాస్తున్నం. దాని పేరు సర్వర్ సైడ్ రిక్వెస్ట్ ఫోర్జరీ, పొట్టిగా ఎస్ఎస్ఆర్ఎఫ్. పేరు కొత్తగ కనబడ్డా ఇది దాదాపు యాభై ఏండ్ల పాత తప్పు. కంపెనీలు మారినయి, భాషలు మారినయి, తప్పు మాత్రం అదే.

గురుకులంల చదివినోళ్లకు దీన్ని చెప్పుడు అల్కగుంటది. గేటు కాడ వాచ్‌మన్ ఉంటడు, బయటోళ్లను ఆపుతడు. లోపల అటెండర్ ఉంటడు. చిట్టీ పట్టుకొని స్టోర్‌రూమ్‌కు పోతడు, ఆఫీసుకు పోతడు, ప్రిన్సిపాల్ గదికి పోతడు. ఆయన్ను ఎవరూ ఆపరు. స్టోర్ చూసేటాయన అటెండర్ మొఖం చూసి సామాను ఇస్తడు గానీ, చిట్టీ ఎవరు రాసిండ్రని అడగడు. ఇప్పుడు బయటి మనిషి ఒకడు గేటు దాటకుండ, కిటికీలకెళ్లి అటెండర్ చేతికి చిట్టీ అందించిండు అనుకోండి. అటెండర్ మంచోడే, వాచ్‌మన్ మేల్కొనే ఉన్నడు. అయినా బియ్యం బస్తా బయటికి వచ్చేసింది.

సర్వర్ల సంగతి గూడ గిట్లనే. మీ సైట్‌లో "లింకు ఇవ్వండి, ఫొటో తెచ్చి పెడతం" అనే పెట్టె ఉంటే, ఆ ఫొటో తెచ్చేది మీ ఫోన్ కాదు, సర్వర్. లింకు అతికించంగనే కింద చిన్న బొమ్మ, హెడ్డింగ్ వచ్చినా, వెబ్ పేజీని పీడీఎఫ్ చేసి ఇచ్చినా, ఒక పని అయిపోగానే ఇంకో సైట్‌కు కబురు పంపినా, బయటికి నడిచేది సర్వరే. వాడుకునేటోడు అక్కడ బయటి అడ్రస్ రాయకుండ సర్వర్ లోపలి అడ్రస్ రాస్తే? 127.0.0.1 అంటే ఆ మిషన్ తనకు తానే. 10తో, 192.168తో మొదలయ్యేవి లోపలి నెట్‌వర్క్ అడ్రసులు. బయటి నుంచి వాటిని ముట్టలేం. సర్వర్ ముట్టగలదు. డేటాబేస్, అడ్మిన్ పేజీ, బ్యాకప్ మిషన్ అన్నీ "లోపలినుంచి వచ్చిండు గదా, మనోడే" అని తలుపు తీస్తయి.

ఈ తప్పు గురించి అందరికంటే బాగ రాసిన మనిషి నార్మ్ హార్డీ. 1988ల ఆయన "కన్‌ఫ్యూజ్డ్ డెప్యూటీ" అనే చిన్న వ్యాసం అచ్చేసిండు. డెప్యూటీ అంటే ఇంకొకరి తరఫున పని చేసేటోడు, అంటే మన అటెండరే. ఎవరి తరఫున చేస్తున్నడో గందరగోళపడ్డ డెప్యూటీ అన్నమాట. అందులో చెప్పిన సంగతి అంతకు పదకొండేండ్ల ముందుది, టైమ్‌షేర్ అనే అమెరికా కంపెనీలో జరిగింది. ఆ రోజుల్లో పెద్ద కంప్యూటర్‌ను గంటల లెక్కన అద్దెకు ఇచ్చేటోళ్లు. అక్కడ ఒక కంపైలర్ ఉండె. ఎవరు ఏం వాడుకుంటున్నరో లెక్క రాసేటందుకు, తాను ఉండే డైరెక్టరీల ఫైళ్లు రాసే హక్కు దానికి ఇచ్చిండ్రు. అదే డైరెక్టరీల బిల్లుల ఫైలు గూడ ఉన్నది. వాడుకునేటోడు కంపైలర్‌కు పని చెప్పేటప్పుడు "డీబగ్గింగ్ వివరాలు ఫలానా ఫైలులో రాయి" అని పేరు ఇవ్వచ్చు. ఒకాయన బిల్లుల ఫైలు పేరే ఇచ్చిండు. వాడుకునేటోడికి ఆ ఫైలు ముట్టే హక్కు లేదు, కంపైలర్‌కు ఉన్నది. కంపైలర్ పోయి రాసింది. కంపెనీ బిల్లుల లెక్క తుడిచిపెట్టుకపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. దోషం ఎవరిది? హక్కు ఇచ్చినోళ్లకు కారణం ఉన్నది. కంపైలర్ చెప్పిన పనే చేసింది. హార్డీ పట్టుకున్న అసలు సంగతి ఏందంటే, కంపైలర్ రెండు అధికారాలతో పని చేస్తున్నది, ఒకటి తనది, ఒకటి అడిగినోడిది. ఏ పని ఏ అధికారం మీద చేస్తున్నదో దానికి తెలువదు. ఇంతకంటే గొప్ప వివరణ మాకు ఎక్కడా దొరకలే. తర్వాత మేం చెప్పబోయే దాడులన్నీ దీని పిల్లలే.

ఇంటర్నెట్ మీద ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ అని ఒకటి ఉన్నది. దాని నియమాలు 1985ల రాసిండ్రు. అందులో పోర్ట్ అనే ఆదేశం ఉన్నది. "ఫైలును ఫలానా అడ్రస్‌కు పంపు" అని సర్వర్‌కు చెప్పచ్చు. ఆ అడ్రస్ అడిగినోడిదే కావాల్నని ఎక్కడా రాయలే. 1995ల హాబిట్ అనే మారుపేరుతో రాసే ఒకాయన దీని లొసుగును వివరంగ బయటపెట్టిండు. బయటి మనిషి ఎఫ్‌టీపీ సర్వర్‌ను మధ్యల పెట్టి, తాను చేరలేని మిషన్లను తట్టచ్చు, తన జాడ దాచుకోవచ్చు. దీన్ని బౌన్స్ దాడి అన్నరు. 1999ల వచ్చిన నియమపత్రంల సర్వర్ ఇట్ల ఎక్కడికి పడితే అక్కడికి పోవద్దని, జాగ్రత్తలు ఏం తీసుకోవాల్నో రాసిండ్రు. తప్పు కనబడ్డంక అది కాగితం మీదికి రావడానికి నాలుగేండ్లు పట్టింది. అప్పట్ల ఆఫీసులన్నీ లోపలి నెట్‌వర్కులు కట్టుకుంటున్నయి. ఫైర్‌వాల్ గోడ ఒకటి కడితే చాలు, లోపలున్నోళ్లంత మనోళ్లే అనే ఆలోచన గప్పుడే పాతుకపోయింది.

2002ల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లల బయటి అడ్రస్ పెడితే, దాన్ని చదివే ప్రోగ్రామే పోయి ఆ అడ్రస్‌ను తెరుస్తదని తెలిసింది. అది వేరే కథ, ఇక్కడ వదిలేస్తున్నం. మనకు కావాల్సింది వర్డ్‌ప్రెస్ కథ, ఎందుకంటే మనోళ్లు ఎక్కువ పెట్టేది అదే.

వర్డ్‌ప్రెస్‌ల పింగ్‌బ్యాక్ అని ఒకటి ఉన్నది. నీ వ్యాసానికి నేను లింకు పెడితే, నా సైట్ నీ సైట్‌కు కబురు చేస్తది. నీ సైట్ నా పేజీకి వచ్చి, లింకు నిజంగ ఉన్నదా అని చూసుకుంటది. మంచి ఆలోచనే. కానీ కబురుల ఏ అడ్రస్ రాస్తే నీ సర్వర్ ఆ అడ్రస్‌కు పోతది. లోపలి నెట్‌వర్క్ అడ్రస్ రాసినా పోతది. 2013 జనవరిల 3.5.1 వెర్షన్‌తో దీన్ని సరిచేసిండ్రు. మరుసటి సంవత్సరం మార్చిల ఇంకో ముచ్చట బయటపడ్డది. సుకూరి అనే సెక్యూరిటీ సంస్థ ఒక దాడిని పరిశీలిస్తే, 1,62,000కు పైగా మామూలు వర్డ్‌ప్రెస్ సైట్లు ఒకే సైట్ మీద పడి దాన్ని ముంచుతున్నయి. ఆ సైట్ల యజమానులకు ఏమీ తెలువదు. పింగ్‌బ్యాక్ చిట్టీ చేతిల పెడితే పోయినయి, అంతే.

ఎస్ఎస్ఆర్ఎఫ్ అనే మాట జనంలకు వచ్చింది గూడ ఆ ఏండ్లలోనే. 2012ల బ్లాక్ హ్యాట్ సభల రష్యాకు చెందిన పరిశోధకులు ఎస్ఏపీ అనే పెద్ద వ్యాపార సాఫ్ట్‌వేర్ మీద ఈ తీరు దాడులను చూపించిండ్రు. తప్పుకు పేరు వస్తే వెతికేటోళ్లు పెరుగుతరు. పెరిగిండ్రు.

వాళ్లలో తైవాన్‌కు చెందిన ఆరెంజ్ త్సాయ్ గురించి చెప్పకుంటే ఈ పోస్టు అసంపూర్ణం. 2017ల ఆయన గిట్‌హబ్ ఎంటర్‌ప్రైజ్ మీద చేసిన పని చూపించిండు. ఇది మనం వాడే గిట్‌హబ్ కాదు, కంపెనీలు తమ సొంత సర్వర్‌ల పెట్టుకునే రకం. అందులో కోడ్ మారినప్పుడల్ల ఫలానా అడ్రస్‌కు కబురు పంపు అని పెట్టుకోవచ్చు. ఇంజనీర్లకు ప్రమాదం తెలుసు, 127.0.0.1ను ఆపిండ్రు. ఆయన ఆ అడ్రస్ జాగాల ఉత్త సున్నా పెట్టిండు. అది గూడ అదే మిషన్‌కు పోయింది. ఆ సందులకెళ్లి లోపలి చిన్న సర్వీసుకు, దాంట్లకెళ్లి ఇంకోదానికి, నాలుగు చిన్న లోపాలను గొలుసు కట్టి సర్వర్ మీద తన కోడ్ నడిపేదాక పోయిండు. కంపెనీకి ముందే చెప్పి, వాళ్లు సరిచేసినంకనే సభల మాట్లాడిండు. ఇది గుర్తుపెట్టుకోండి, మల్ల వస్తం.

ఆయన చూపించిన అసలు సంగతి వేరే ఉన్నది. వద్దన్న అడ్రసుల జాబితా రాసి ఆపుడు అనేది ఓడిపోయే ఆట. ఒకే అడ్రస్‌ను పది తీర్ల రాయచ్చు. బయటి పేరు ఇచ్చి అది లోపలి అడ్రస్‌కు తిరిగేటట్టు పెట్టచ్చు. బయటి పేజీకి తీసుకపోయి అక్కడి నుంచి లోపలికి మళ్లించచ్చు. ఊర్లకు రాకూడనోళ్ల పేర్లు గోడ మీద రాసి పెట్టినట్టు ఉంటది, పేరు మార్చుకొని వచ్చినోణ్ని ఎవరు పట్టాలె?

2019ల ఈ తప్పు ధర ఎంతో లోకానికి తెలిసింది. అమెరికాల క్యాపిటల్ వన్ అనే బ్యాంకు తన డేటాను అమెజాన్ క్లౌడ్‌ల పెట్టుకున్నది. ఆ క్లౌడ్‌ల ప్రతి మిషన్ తన వివరాలు తాను తెలుసుకునేటందుకు 169.254.169.254 అనే అడ్రస్ ఉంటది. అది ఆ మిషన్‌కు మాత్రమే వినిపించే అడ్రస్, బయటి లోకం నుంచి దానికి దారి లేదు. అక్కడ అడిగితే ఆ మిషన్‌కు ఇచ్చిన తాత్కాలిక తాళాలు గూడ చెప్తది. బ్యాంకు ముందు నిలబెట్టిన కావలి ప్రోగ్రామ్ ఒకటి ఉన్నది, వెబ్ దాడులను ఆపుడే దాని పని. దాన్ని తప్పుగ అమర్చిండ్రు. పేజ్ థామ్సన్ అనే మాజీ అమెజాన్ ఉద్యోగిని ఆ కావలి ప్రోగ్రామ్‌తోనే ఆ లోపలి అడ్రస్‌ను అడిగించింది. తాళాలు వచ్చినయి. కావలి ప్రోగ్రామ్‌కు డేటా గదులు తెరిచే హక్కు అసలు ఎందుకు ఇచ్చిండ్రో, అది వేరే తప్పు. ఆ హక్కుతో అమెరికాల సుమారు 10 కోట్ల మంది, కెనడాల సుమారు 60 లక్షల మంది దరఖాస్తుల వివరాలు పోయినయి. వాచ్‌మన్ చేతికే చిట్టీ ఇచ్చి, స్టోర్‌రూమ్ తాళంచెవి తెప్పించుకున్నట్టు.

డేటా పోయింది మార్చిల. బ్యాంకుకు తెలిసింది జులై 17న, అది గూడ బయటి మనిషి ఒకరు ఈమెయిల్ రాస్తే. మరుసటి సంవత్సరం బ్యాంకుల నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. తర్వాత కోర్టుల ఖాతాదారులతో 19 కోట్ల డాలర్లకు రాజీ అయింది. అమెజాన్ 2019 నవంబరుల ఆ లోపలి అడ్రస్‌కు కొత్త పద్ధతి తెచ్చింది. ఇప్పుడు ఒట్టిగ అడిగితే ఇయ్యదు, ముందు వేరే తీరు అభ్యర్థన పంపి టోకెన్ తీసుకోవాలె, ఆ టోకెన్ చూపిస్తేనే జవాబు. చిట్టీ మోసే అటెండర్‌కు మామూలుగ ఆ రెండు మెట్ల పని చేతకాదు. మంచి మార్పు. కానీ పాత పద్ధతిని అమెజాన్ అప్పుడు బంద్ చేయలే, కొత్తది పెట్టుకునుడు వాడుకునేటోళ్ల ఇష్టానికి వదిలింది.

ఇదంత క్లౌడ్ గొడవ, మన సొంత సర్వర్‌కు ఏం సంబంధం అని అనుకోవద్దు. రెండేండ్లకు దెబ్బ నేరుగ సొంత సర్వర్ల మీదనే పడ్డది. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ అంటే ఆఫీసులు తమ మిషన్‌ల తామే నడుపుకునే మెయిల్ సర్వర్. దాని ముందు భాగం బయటోళ్లతో మాట్లాడుతది, లోపలి భాగానికి కబురు మోస్తది. ముందు భాగాన్ని మోసం చేసి లోపలి భాగానికి తమ చిట్టీ పంపచ్చని 2020 డిసెంబరుల కనిపెట్టింది మళ్ల ఆరెంజ్ త్సాయే. 2021 జనవరి మొదటి వారంల మైక్రోసాఫ్ట్‌కు చెప్పిండ్రు. కానీ అదే జనవరి నుంచే దొంగలు గూడ దాన్ని వాడుతున్నరు. మార్చి 2న మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చి, చైనా నుంచి పనిచేసే హాఫ్నియం అనే ముఠా చేసిందని ప్రకటించింది. ఆ లోపం నంబరు సీవీఈ-2021-26855, పేరు ప్రాక్సీలాగాన్. ప్యాచ్ వచ్చిందని తెలిసినంక మిగతా ముఠాలన్నీ ప్యాచ్ వేయని సర్వర్ల మీద పడ్డయి. ఐరోపా బ్యాంకింగ్ అథారిటీ, నార్వే పార్లమెంటు గూడ దెబ్బతిన్నయి. ఏప్రిల్‌ల అమెరికా ఎఫ్‌బీఐ కోర్టు అనుమతి తీసుకొని, వందల ప్రైవేటు సర్వర్లల దొంగలు వదిలిపోయిన వెబ్ షెల్స్‌ను తానే పోయి తీసేసింది. యజమానులకు తర్వాత చెప్పింది. అట్లాంటి పని చేయాల్సి వచ్చిందంటే ఎంతమంది ప్యాచ్ వేసుకోకుండ కూసున్నరో చూడండి.

మైక్రోసాఫ్ట్ తాను నడిపే క్లౌడ్ మెయిల్‌కు ఆ లోపం అంటలేదు. దెబ్బ తిన్నది సొంతంగ నడుపుకునేటోళ్లు. సొంత సర్వర్ పెట్టొద్దని మేం అంటలేం. పెట్టినంక ప్యాచ్ వేసే మనిషి ఎవరో ముందే తేల్చుకోవాలె. సంఘం సైట్ పెట్టిన అన్నకు ఉద్యోగం వచ్చి హైదరాబాద్ పోతడు, పాస్‌వర్డ్ ఆయన దగ్గరనే ఉంటది, సైట్ మూడేండ్లు అట్లనే ఉంటది. ఇది మనకు తెలిసిన కథే.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. లోపల ఏమున్నది, పోతే ఏమైతది అనేది మన తెలుగు రాష్ట్రాలల్ల జరిగిన సంగతులే చెప్తయి. 2017 మేల బెంగళూరు సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కోడలి ఒక నివేదిక రాసిండ్రు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచి సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయట కనబడుతున్నయని అందులో ఉన్నది. ఆ నాలుగిట్ల రెండు ఆంధ్రప్రదేశ్‌వి, ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఇంకొకటి చంద్రన్న బీమాది. 2018 ఏప్రిల్‌ల శ్రీనివాస్ కోడలి మళ్ల చూపించిండు. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ సైట్‌ల 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు వివరాలు అందరికీ కనబడే తీరుల ఉన్నయి. అంతకంటే భయం పుట్టించే ముచ్చట, ఆ సైట్‌ల కులం, మతం పెట్టి వెతకచ్చు, ఊరు గూడ తెలుస్తది.

ఇవి ఎస్ఎస్ఆర్ఎఫ్ దాడులు కాదు. అక్కడ దాడే అక్కర రాలే, తలుపు తెరిచే పెట్టిండ్రు. మన రాష్ట్రంల 2024 జూన్‌ల పోలీసుల హాక్ ఐ యాప్ డేటా బయటికి పోయి, ఒక విద్యార్థిని అరెస్టు చేసిన కేసు గూడ వేరే రకమే. అయినా ఎందుకు చెప్తున్నమంటే, ఆ తలుపులు మూసినంక ఆ డేటా ఎక్కడికి పోతది? లోపలికి. లోపలి నెట్‌వర్క్‌ల, లోపలి అడ్రస్ వెనుక. ఆ లోపలిదాన్ని అడిగించేదే ఎస్ఎస్ఆర్ఎఫ్.

2016 అక్టోబరు 11న మన మూడు జిల్లాలు పుట్టినయి. ఇప్పుడు మన బతుకు కాగితాలన్నీ కంప్యూటర్లల్ల ఉన్నయి. కుల సర్టిఫికెట్ మీసేవల, స్కాలర్‌షిప్ ఈపాస్‌ల, భూమి 2020 నుంచి ధరణిల, ఇప్పుడు భూభారతిల. 2023ల పోడు పట్టాలు ఇచ్చిండ్రు, ఆ పేర్లు గూడ రికార్డుల ఉన్నయి. పట్నపోళ్ల డేటా పోతే కార్డు బ్లాక్ చేసుకుంటరు. ఏ తండాల ఏ ఇంటికి ఎంత పోడు భూమి ఉన్నది, బ్యాంకు ఖాతా ఏది, ఇంటి పెద్దకు చదువు వచ్చా రాదా అని ఒక్క జాగల దొరికితే మోసగానికి ఇంకేం కావాలె? కులాన్ని గూడ బ్లాక్ చేసుకోలేం కదా. ప్రభుత్వ సర్వర్లు మన చేతిల లేవు. మనం పెట్టిన సర్వర్లు మన చేతిలనే ఉన్నయి, వాటిల మన చెల్లెళ్ల కుల సర్టిఫికెట్ స్కాన్‌లు ఉన్నయి.

కాబట్టి పెట్టినోళ్లు ఇవి చూసుకోండి. మూడల్ ఫైల్ పికర్‌ల ఇదే లోపం 2018ల బయటపడ్డది, పాత వెర్షన్ నడుపుతుంటే ముందు అప్‌డేట్ చేయండి. అడ్మిన్ సెట్టింగుల సెక్యూరిటీ కింద ఏ అడ్రసులకు సర్వర్ పోవద్దో రాసే పెట్టె ఉన్నది, ఖాళీగ ఉంటే లోపలి అడ్రసులన్నీ రాయండి. నెక్స్ట్‌క్లౌడ్‌ల లోపలి సర్వర్లకు పోనిచ్చే సెట్టింగ్ ఒకటి ఉన్నది, ఏదో పని కాలేదని ఎవరో చెప్తే దాన్ని ఆన్ చేయొద్దు. వర్డ్‌ప్రెస్‌ల పింగ్‌బ్యాక్ మనకు అక్కరే లేదు, బంద్ పెట్టండి. సొంతంగ కోడ్ రాసేటోళ్లు వద్దన్న జాబితా కాదు, ఒప్పుకున్న సైట్ల జాబితా పెట్టండి. పేరును అడ్రస్‌గా మార్చినంక వచ్చిన అడ్రస్‌ను తనిఖీ చేసి, ఆ అడ్రస్‌కే పొండి. మల్లొక్కసారి పేరు అడిగితే జవాబు మారచ్చు. దారి మళ్లింపులను నమ్మొద్దు. అన్నిటికంటే గట్టి పని, సర్వర్ నుంచి లోపలి అడ్రసులకు పోయే దారినే ఫైర్‌వాల్‌ల మూసేయండి. అటెండర్‌కు స్టోర్‌రూమ్‌ల పనే లేకుంటే ఆ దిక్కు తలుపు ఎందుకు?

ఇంకొక మాట, ముఖ్యంగ ఇంజనీరింగ్ తమ్ముళ్లకు. ఇది చదివి మీ కాలేజీ సైట్ మీదనో, ప్రభుత్వ పోర్టల్ మీదనో "ఊరికే చూస్తం" అని ప్రయత్నం చేయొద్దు. ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద అనుమతి లేకుండ చొరబడితే మూడేండ్ల దాక జైలు, ఐదు లక్షల దాక జరిమానా ఉన్నది. మంచి ఉద్దేశమే అని చెప్పినా కేసు కేసే. మన పిల్లల మీద కేసు పడితే వకీలును పెట్టుకునేటందుకు ఎవరి ఎడ్లు అమ్మాలె? అనుకోకుండ ఏదన్న లోపం కనబడితే అక్కడే ఆగండి, లోపలికి పోవద్దు, కనబడ్డది రాసి సెర్ట్-ఇన్‌కు పంపండి. దేశంల ఇట్లాంటివి తీసుకునే ప్రభుత్వ సంస్థ అది.

నేర్చుకునేటందుకు వేరే జాగలున్నయి. ఓవాస్ప్ అనే స్వచ్ఛంద సంస్థ 2021ల ఎస్ఎస్ఆర్ఎఫ్‌ను పది పెద్ద ప్రమాదాల జాబితాల పదోదిగా పెట్టింది. రంగంల పని చేసేటోళ్లను సర్వే చేస్తే అందరికంటే ఎక్కువ మంది దీని పేరే చెప్పిండ్రు. 2025 జాబితాల దీన్ని మొదటి ప్రమాదమైన యాక్సెస్ కంట్రోల్ లోపాలల్ల కలిపిండ్రు. మాకైతే అది సరైందే అనిపించింది, హార్డీ 1988ల చెప్పింది గూడ అధికారం గురించే గదా. అదే సంస్థ జూస్ షాప్ అని కావాలని లోపాలు పెట్టిన దుకాణం సైట్ ఉచితంగ ఇస్తది, మీ లాప్‌టాప్‌ల పెట్టుకొని ఎంతన్నా పగలగొట్టండి. పోర్ట్‌స్విగ్గర్ అకాడమీల గూడ ఎస్ఎస్ఆర్ఎఫ్ ల్యాబులు పైసలు లేకుండ ఉన్నయి. మొదటి ల్యాబ్‌ల ఒక దుకాణం పేజీ వస్తది, సరుకు ఉన్నదా లేదా చూసే బటన్ ఉంటది. ఆ బటన్ నొక్కితే సర్వర్ ఏ అడ్రస్‌కు పోతున్నదో చూసుడుతో పని షురూ అయితది. ఇంగ్లీష్ అర్థం కాని కాడ కామెంట్ల అడగండి, తెలుగుల చెప్తం.